పాత వరంగల్ పునర్నిర్మాణంలో కిరాయిదారు లెక్క ఎక్కడ?

సంపాదకులకు నమస్కారాలు.

వరంగల్ నడిబొడ్డున ఉన్న పాత వాడల్లో రోడ్ల విస్తరణ, చౌరస్తాల సుందరీకరణ, శిథిల గృహాల తొలగింపు గురించి కొంతకాలంగా వస్తున్న వార్తలను శ్రద్ధగా చదువుతున్నాను. వాటిలో రెండు పక్షాల మాటలే ఎక్కువగా కనిపిస్తున్నాయి. నగరం ఎదగాలంటే ఇది తప్పదని అధికారులు అంటారు, మా గజానికి కట్టిన ధర చాలదని ఇంటి యజమానులు అంటారు. అదే ఇంట్లో ముందరి మడిగెలోనో వెనుక అర్రలోనో ఏళ్ల తరబడి కిరాయికి ఉండి, ఆ చోటును నమ్ముకుని పొట్ట పోసుకుంటున్న మనిషి ప్రస్తావన మాత్రం ఎక్కడా రాదు. గోడ మీద ఎర్రరంగు గీత పడిన నాటి నుంచి ఇల్లు నేలమట్టమయ్యే నాటి దాకా నడిచే కాగితాల్లో అతని పేరు రాసే గడి ఒక్కటి కూడా లేదు. ఈ లేఖ ఆ ఒక్క గడి కోసమే.

నేను గిర్మాజీపేటలో తాతల నాటి ఇంట్లో ఉంటున్న యజమానిని. వీధి వైపు రెండు మడిగెలు, వెనుక మూడు పోర్షన్లు కిరాయికి ఇచ్చుకున్నవాణ్ని. ఇది కిరాయిదారుల తరఫున ఎవరో రాయించిన ఉత్తరమని అనుకోకుండా ఉండేందుకే ఈ సంగతి ముందుగా చెబుతున్నాను.

పాత ఇళ్లను ఉన్నవి ఉన్నట్టే ఉంచాలని నేను అనడం లేదు. మట్టెవాడ, గిర్మాజీపేట, చార్‌బౌళి ప్రాంతాల్లో డంగుసున్నం గోడలు, గూనపెంకల కప్పు, చెదలు పట్టిన టేకు దూలాలతో నిలబడ్డ ఇళ్లు ప్రతి వానాకాలం లోపల ఉన్నవాళ్ల ప్రాణాల మీదికి వస్తున్నాయి. కొన్ని గల్లీల్లోకి అంబులెన్సు రాదు, ఫైరింజన్ సంగతి చెప్పనక్కర్లేదు. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో నగరం నీట మునిగిన తీరు చూసినవాళ్లెవరూ నాలాలు వెడల్పు చేయొద్దని అనలేరు. ఇళ్లు మారాలి, మోరీలు బాగుపడాలి, రోడ్లు కొంతైనా విశాలం కావాలి. నా అభ్యంతరమల్లా ఈ మార్పు ఖర్చు ఎవరి మీద పడుతున్నదన్న దగ్గరే.

ధరలు పెరగడానికి కారణాలు అందరికీ కనిపిస్తూనే ఉన్నాయి. గీసుగొండ, సంగెం వైపు టెక్స్‌టైల్ పార్కుకు 2017లో శంకుస్థాపన జరిగింది. యాభై ఏళ్లకు పైగా కొత్త మాస్టర్ ప్లాన్ లేని నగరానికి 2024 నవంబర్‌లో 2041 మాస్టర్ ప్లాన్ ఆమోదం పొందింది. మామునూరు విమానాశ్రయానికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం పచ్చజెండా ఊపింది. స్మార్ట్ సిటీ నిధులతో కొన్ని రోడ్లు, భద్రకాళి చెరువు కట్ట కొత్త రూపు తెచ్చుకున్నాయి. వీటిలో కాదనదగినది ఒక్కటీ లేదు. అయితే ఇలాంటి ప్రతి వార్త వెంటా పాత వరంగల్‌లో గజం రేటు ఒక మెట్టు ఎక్కుతుంది. వారసులు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో స్థిరపడి ఉంటారు, అన్నదమ్ముల పంపకాలు తెగక ఏళ్లు గడిచి ఉంటాయి. ఆ సమయంలో బిల్డర్ వచ్చి డెవలప్‌మెంట్‌కు ఇవ్వమని అడుగుతాడు. కొంత అడ్వాన్సు, ఇన్ని ఫ్లాట్లు మీకు, ఇన్ని నాకు అనే ఒప్పందం, కింద మడిగెలు ఎవరి వాటాలోకి వస్తాయన్న బేరం, ఇదంతా యజమానికీ బిల్డర్‌కూ మధ్య నాలుగు గోడల లోపల తేలిపోతుంది. కిరాయిదారుకు అందేది నోటి మాట మీద రెండు నెలల గడువు, మంచి యజమాని అయితే మరో నెల. కొత్త భవనం లేచాక కింది అంతస్తులోకి సెల్‌ఫోన్ షోరూములు, రక్తపరీక్షల కేంద్రాలు, పెద్ద కంపెనీల బట్టల దుకాణాలు వస్తాయి. వాళ్లు ఇచ్చే అడ్వాన్సులో పాత మడిగెవాడు పదేళ్ల కిరాయి కట్టుకోవచ్చు.

మా ముందరి మడిగెల్లో ఒకదాని సంగతి చెబితే విషయం తేటపడుతుంది. అందులో ఉన్నాయన కాంటాలు బాగుచేస్తాడు. ఆయన తండ్రి ఇత్తడి పళ్లేల త్రాసులు సరిచేసేవాడు, ఈయన ఎలక్ట్రానిక్ కాంటాల్లో బరువును పసిగట్టే లోడ్‌సెల్లు మారుస్తాడు, పాతవాటినీ కాదనడు. బీట్‌బజార్, పిన్నవారి వీధి వ్యాపారుల గుమాస్తాలు పొద్దున్నే కాంటాను సైకిల్ మీదనో ఆటోలోనో తెచ్చి పడేసి, గిరాకీ పెరిగే వేళకల్లా కావాలంటారు. తూనికలు కొలతల శాఖ ముద్ర గడువు దగ్గరపడ్డప్పుడైతే అరుగు మీద కాలు పెట్టే చోటుండదు. ఆయన పనితనం ఎంతో, ఆ మడిగె బజారుకు కూతవేటు దూరంలో ఉండటం కూడా అంతే. నగరం చివరికి వెళ్లి పెద్ద దుకాణం తెరిచినా, కాంటా తెచ్చేవాడు అక్కడిదాకా రాడు, బజారులోనే మరొకరిని వెతుక్కుంటాడు. ఆయన నాకిచ్చే కిరాయి బజారు రేటుకు చాలా తక్కువ. అది నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు.

వెనుక పోర్షన్‌లో ఉన్న ఆమె చినిగిన గోనె సంచులను దబ్బనంతో కుట్టి మళ్లీ వాడకానికి తెస్తుంది. బార్దాన్ వ్యాపారి, అంటే పాత సంచుల వ్యాపారి, కట్టలు కట్టలుగా పంపిస్తాడు, సంచికి ఇంతని లెక్క. ఆ పనికి యంత్రం అక్కర్లేదు గానీ ఆరుబయట వాకిలి కావాలి, దుమ్మును, మిర్చి సంచుల ఘాటును ఓర్చుకునే ఇరుగుపొరుగు కావాలి. అపార్టుమెంటు అసోసియేషన్ మొదటి వారంలోనే ఆ పని మాన్పిస్తుందని ఎవరైనా చెప్పగలరు. నేల మీద పరిచే నూలు షత్రంజీలు నేసే కొత్తవాడ నేతగాళ్ల సంగతీ అంతే. వరంగల్ షత్రంజీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు మనమంతా గర్వపడ్డాం. కానీ మగ్గానికి నేల మీద గది కావాలి, పడుగు పరచడానికి పొడవైన జాగా కావాలి, రంగు నీళ్లు పోవడానికి దారి కావాలి, పొద్దస్తమానం చప్పుడైనా తిట్టనివాళ్లు పక్కన ఉండాలి. మూడో అంతస్తు ఫ్లాటులో ఇవేవీ ఉండవు. గుర్తింపు పత్రం ఊరి పేరు మీద భద్రంగానే ఉంటుంది, నేసేవాడు మాత్రం ఏ సూరత్‌కో భీవండికో బస్సెక్కుతాడు.

చట్టం ఇలాంటివారిని పూర్తిగా మరిచిపోయిందనుకుంటే పొరపాటు. 2014 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న 2013 నాటి భూసేకరణ చట్టం, బాధిత కుటుంబమంటే భూమి యజమాని కుటుంబం మాత్రమే అనదు. సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ ప్రాంతంలో పనిచేస్తూ, దాని మీదే ప్రధానంగా బతుకుతున్న కౌలుదారులు, కిరాయిదారులు, చేతివృత్తులవారు కూడా అందులోకి వస్తారు. పట్టణ ప్రాంతంలో ఇల్లు కోల్పోయినవారికి 50 చదరపు మీటర్లకు తగ్గని ఇల్లు ఇవ్వాలని, సొంత జాగా లేకున్నా మూడేళ్లు వరుసగా అక్కడే ఉండి బలవంతంగా కదలాల్సివచ్చిన కుటుంబానికీ ఆ ప్రయోజనం వర్తిస్తుందని రెండో షెడ్యూలు చెబుతుంది. చేతివృత్తివారికి, చిరువ్యాపారికి కనీసం 25 వేల రూపాయలు ఒకసారి సాయం, తరలింపు ఖర్చు కింద 50 వేలు కూడా అందులో ఉన్నాయి. ఈ మొత్తాలు ఇప్పటి ఖర్చులకు ఏ మూలకూ రావన్నది వేరే మాట. కిరాయిదారు కూడా నష్టపోయేవాడేనని పార్లమెంటు ఒప్పుకున్నదన్నదే ముఖ్యం. మన రాష్ట్రం 2017లో తెచ్చుకున్న సవరణ కొన్ని రకాల ప్రాజెక్టులకు సామాజిక ప్రభావ అంచనా నుంచి మినహాయింపునిచ్చిందనీ, ఎవరెవరు నష్టపోతారో ముందుగా తెలుసుకునే దారి దాంతో ఇరుకైందనీ కూడా ఇక్కడ చెప్పుకోవాలి.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. పాత వరంగల్ లాంటి చోట జరిగే మార్పులో చాలా భాగం భూసేకరణ చట్టం గుమ్మం దాకానే రాదు. రోడ్డు విస్తరణకు యజమాని తనంత తానుగా కొంత జాగా వదులుకుంటే, బదిలీ చేసుకోదగిన అభివృద్ధి హక్కు పత్రం, అంటే అదనపు అంతస్తులు కట్టుకునే వీలిచ్చే టీడీఆర్, ఆయన చేతికి వస్తుంది. దాన్ని బిల్డర్‌కు అమ్ముకోవచ్చు. లేదా 2012 నాటి భవన నిర్మాణ నియమాల ప్రకారం సెట్‌బ్యాక్‌లో, అంటే భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగాలో, సడలింపు పొంది మిగిలిన జాగాలో కట్టుకోవచ్చు. యజమానికి ఇది న్యాయమైన ఏర్పాటే, నేనూ రేపు వాడుకుంటానేమో. కానీ రోడ్డులో పోయే ఆ పది అడుగుల్లో ఉన్నది యజమాని పడకగది కాదు, కిరాయికిచ్చిన మడిగె. జాగా పోయినవాడికి పత్రం దక్కుతుంది, బతుకుదెరువు పోయినవాడికి ఏమీ దక్కదు. ఇక ఇల్లు మొత్తం కూల్చి కట్టే ప్రైవేటు ఒప్పందాల్లో సేకరణన్న మాటే లేదు. భవన అనుమతుల కోసం 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టం కింద 500 చదరపు మీటర్ల లోపు జాగాలో 10 మీటర్ల లోపు ఎత్తు కట్టే ఇంటికి స్వీయ ధ్రువీకరణతో అనుమతి వస్తుంది. అంతకుముందు కార్యాలయాల చుట్టూ తిరిగిన బాధ అనుభవించినవాడిగా ఆ సౌలభ్యాన్ని మెచ్చుకుంటాను. అయితే పత్రాలు, రోడ్డు వెడల్పు, అంతస్తులు అన్నీ అడిగే ఆ దరఖాస్తు, కూలబోయే ఇంట్లో ఇప్పుడెవరున్నారని అడగదు.

ప్రభుత్వ గృహపథకాలు వీరిని ఆదుకుంటాయా అంటే అక్కడా అదే కథ. 2024 మార్చిలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకం 5 లక్షల సాయం మొదటి విడతలో సొంత జాగా ఉన్నవారికే. అంతకుముందు 560 చదరపు అడుగుల డబుల్ బెడ్‌రూం ఇళ్లు చాలావరకు దూపకుంట వంటి నగరపు అంచుల్లో లేచాయి. తెల్లవారకముందే బజారుకు చేరాల్సిన హమాలీ, మధ్యాహ్నం దాకా మూడిళ్లలో పనిచేసి పిల్లలు బడి నుంచి వచ్చేసరికి ఇల్లు చేరాల్సిన తల్లి, రోజూ రానుపోను ఆటో కిరాయి కట్టుకుంటే మిగిలేదేమిటి? గుడిసెలున్న చోటనే ఇళ్లు కడతామన్న ప్రయత్నం కూడా మన ఊరు చూసింది. 2015 జనవరిలో అప్పటి ముఖ్యమంత్రి వరంగల్ బస్తీల్లో తిరిగి ఇళ్లకు హామీ ఇచ్చారు. ఆ తర్వాత బాలసముద్రం అంబేద్కర్‌నగర్‌లో భవనాలు లేచాయి. ఉన్నచోటనే కట్టాలన్న ఆలోచన ఎంతో మెచ్చదగినది. గోడలు లేచాక కూడా పంపిణీ కాక ఏళ్ల తరబడి ఖాళీగా ఉండిపోవడం, వాటి కోసం ఎదురుచూసేవాళ్లు పక్కనే గుడిసెల్లో కాలం వెళ్లదీయడం కూడా అందరూ చూసినదే.

కిరాయిదారుకు తన చోటులోనే ఇల్లు ఇవ్వడం ఎక్కడా సాధ్యం కాదని అనేవాళ్లు బొంబాయి వైపు చూడాలి. మన ప్రాంతపు నేతకుటుంబాలు తరాలుగా వలసవెళ్లిన ఊరే అది. అక్కడ 1969కి ముందటి పాత కిరాయి భవనాలను తిరిగి కట్టేటప్పుడు, ఉన్న కిరాయిదారుకు అదే జాగాలో 300 చదరపు అడుగులకు తగ్గని ఇల్లు ఉచితంగా ఇవ్వాలన్న నియమం ఉంది. అందుకు బదులుగా బిల్డర్‌కు అదనపు అంతస్తులు ఇస్తారు. వర్లీ, నాయగావ్‌లలోని బీడీడీ చాళ్లలో, అంటే వరుస గదుల పాత కిరాయి భవనాల్లో, 160 చదరపు అడుగుల గదుల్లో కిరాయికున్న కుటుంబాలకు 500 చదరపు అడుగుల ఫ్లాట్లు కట్టిస్తున్నారు. 2025 ఆగస్టులో వర్లీలో మొదటి విడత 556 కుటుంబాలకు తాళాలు అందాయి. అక్కడ అంతా సవ్యంగా ఉందని కాదు. మధ్యలో ఆగిపోయిన ప్రాజెక్టులు, నలభై అంతస్తుల భవనంలో మెయింటెనెన్సు కట్టలేని ఇక్కట్లు వాళ్లవి వాళ్లకున్నాయి. వరంగల్ జాగా రేటు బొంబాయి రేటు కాదు గనుక అదే సూత్రం యథాతథంగా ఇక్కడ నిలబడదని కూడా ఒప్పుకుంటాను. లెక్కలోకి తీసుకోవాలన్న నిర్ణయం ముందు జరిగితే, ఎంత ఇవ్వగలమన్నది ఆ తర్వాత తేలుతుంది. మన దగ్గర ఆ మొదటి పనే జరగలేదు.

ఇలాంటి లెక్క లేకపోతే ఏమవుతుందో చూడటానికి ఆజంజాహీ మిల్లు ఒక్కటి చాలు. 1934లో మొదలై, 1974లో నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ చేతికి వెళ్లి, చివరికి నష్టాలతో మూతపడ్డ ఆ మిల్లు భోంగా (సైరన్) విని పాత వరంగల్ గడియారాలు సరిచేసుకునేదని పెద్దలు చెబుతారు. జాగా విలువ తెలిశాక అది ప్లాట్లుగా, కార్యాలయాలుగా మారింది. మాజీ కార్మికులు మాత్రం ఇంటి జాగా కోసం ఏళ్లకేళ్లు తిరిగారు. జాగాను చదరపు గజాల్లో కొలిచినంత జాగ్రత్తగా, దాని మీద బతికినవాళ్ల జాబితాను ఆనాడు ఎవరైనా సిద్ధం చేసి ఉంటే ఆ తిరుగుడు కొంతైనా తప్పేది.

వీధి వ్యాపారుల విషయంలోనైతే 2014 చట్టం ఇంకా స్పష్టంగా ఉంది. పట్టణ వ్యాపార కమిటీలో కనీసం 40 శాతం మంది ఆ వ్యాపారులే ఉండాలి, ఐదేళ్లకోసారి సర్వే జరగాలి, 30 రోజుల నోటీసు లేకుండా కదిలించరాదు, యాభై ఏళ్లు దాటిన సహజ సంతలను వారసత్వ సంతలుగా ప్రకటించి అక్కడివాళ్లను కదిలించకుండా ఉంచాలి. చౌరస్తా చుట్టుపక్కల, మండీబజార్‌లో యాభై ఏళ్లు దాటిన బేరాలు ఎన్ని ఉన్నాయో వెతకడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. కోటగోడల కింద రాతి తోరణాలను వారసత్వమని చెప్పుకునే నగరం, ఈ సంతలను కూడా ఆ చట్టం కిందికి తేవాలి.

యజమానుల భయమేమిటో నాకు తెలుసు, ఎందుకంటే మా ఇంట్లోనూ అదే మాట వినిపిస్తుంది. కార్పొరేషన్ కాగితాల్లో కిరాయిదారు పేరెక్కితే రేపు ఇల్లే తనదంటాడని, కోర్టుకెక్కితే పదేళ్లు తెగదని అంటారు. అలా అనడానికి కారణాలూ లేకపోలేదు. నామమాత్రపు కిరాయి కడుతూ, ఖాళీ చేయడానికి లక్షలు అడిగేవాళ్లు ప్రతి గల్లీలో ఒకరిద్దరుంటారు. అయితే 1960 నాటి కిరాయి నియంత్రణ చట్టం కింద వివాదాలు తేల్చే ఏర్పాటు ఇప్పటికే ఉంది. కాగితం లేకపోవడం వల్లే ఆ వివాదాలు సాగుతున్నాయి. ఫలానా మడిగెలో ఫలానా వ్యక్తి ఫలానా ఏడాది నుంచి ఫలానా పని చేస్తూ కిరాయికి ఉన్నాడని రాసుకోవడం యాజమాన్య హక్కును ఎవరికీ ఇవ్వదు. సరిగ్గా చూస్తే అతను కిరాయిదారేనన్న రుజువు యజమాని చేతికి వస్తుంది. కబ్జా భయమున్న యజమానే ఈ జాబితాను ముందుగా అడగాలి.

కాబట్టి నగరపాలక సంస్థను, కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థను మీ పత్రిక ద్వారా కోరేది ఇది. విస్తరణకు మార్కింగ్ వేసే ముందే, ఆ వరుసలోని ప్రతి ఇంట్లో, ప్రతి మడిగెలో ఉన్నవారి జాబితా తీసి వార్డు కార్యాలయం గోడకు అంటించాలి, అభ్యంతరాలకు నెల రోజులైనా గడువివ్వాలి. కరెంటు బిల్లు, వ్యాపార లైసెన్సు, రేషన్ కార్డు, పిల్లల బడి కాగితం, ఇరుగుపొరుగు సాక్ష్యం, వీటిలో ఏదున్నా సరిపోవాలి. ఎందుకంటే పాత వరంగల్‌లో కిరాయి చీటీ రాసుకున్నవాళ్లు తక్కువ. భవన అనుమతి దరఖాస్తులో ప్రస్తుతం ఉన్నవారి వివరాల గడి చేర్చాలి. టీడీఆర్ గానీ, సెట్‌బ్యాక్ సడలింపు గానీ తీసుకునే యజమానికి ఒక షరతు పెట్టాలి: కొత్తగా కట్టే మడిగెల్లో పాత చిరువ్యాపారికి మొదటి అవకాశం, తొలి కొన్నేళ్లు నియంత్రిత కిరాయి. అదనపు అంతస్తు ప్రజల నుంచి వచ్చే రాయితీ అయినప్పుడు, దాని మీద ప్రజల తరఫున షరతు ఉండటంలో అన్యాయం లేదు. కొత్తవాడ వంటి చోట్ల కింది అంతస్తును మగ్గాలకు, చేతిపనులకు కేటాయించే భవనాలకు పన్ను తగ్గింపు ఇవ్వవచ్చు. నిర్మాణం సాగే రెండు మూడేళ్లు తాత్కాలిక మడిగెల కోసం పాత వరంగల్‌లో ఖాళీగా ఉన్న ప్రభుత్వ జాగాలను చూడాలి. నగరం చివరన చూపిస్తే మా కాంటాల ఆయనకు అది ఉన్నా లేనట్టే.

పత్రికగా మీరు కూడా ఒక పని చేయవచ్చు. రోడ్డు విస్తరణ వార్తలో ఎన్ని అడుగులు, ఎన్ని కోట్లు, ఎన్ని ఇళ్లు అని రాసే చోట, అందులో ఎన్ని కిరాయి కుటుంబాలు, ఎన్ని మడిగెలు అన్న ప్రశ్నను కూడా అధికారుల ముందుంచండి. జవాబు లేకపోతే లేదనే అచ్చువేయండి. మా ఇంట్లో ఉన్నవారి పేర్లు, వారి పనులు, వారు వచ్చిన సంవత్సరాలు ఒక కాగితం మీద రాసి, వారి చేత సంతకాలు చేయించి పెట్టాను. మా వార్డు కార్యాలయంలో ఇవ్వబోతే, అలాంటిది తీసుకునే ఫైలేదీ లేదన్నారు. ఫైలు తెరిచిన రోజు మొదటి కాగితంగా దాన్ని ఇస్తాను.

ఇట్లు,
గిర్మాజీపేట నుంచి ఒక పాఠకుడు,
వరంగల్